శనివారం కూత

ఆగస్టు 7

మావయ్యకి,

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నాను పిట్టా" అని పెట్టేస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. చింపాలనుకుంటే చింపు, కానీ చదివాక చింపు.

నీ క్షేమం అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావు. మీ ఆఫీసు గుట్ట మీద, మునిసిపల్ భవనం మూడో అంతస్తులో ఉంది. నది ఎంత పొంగినా అన్ని మెట్లు ఎక్కదు. మా వీధికి మెట్లు లేవు. శనివారం పొద్దున్న నది నడుచుకుంటూ వచ్చేసింది.

అమ్మ కుడి మణికట్టు విరిగిందని నీకు తెలుసు. ఎలా విరిగిందో తెలుసా? ఇస్త్రీ తాత కొట్టు షట్టరు సగంలో ఇరుక్కుంది. తాత లోపలే ఉన్నాడు. అమ్మ నీళ్లలో వంగి షట్టరు పైకెత్తబోతే అది జారి చేతి మీద పడింది. ఇస్త్రీ తాత మర్నాడు దొరికాడు. కొట్టులోనే దొరికాడు. అమ్మ ఈ మాట చెప్పేటప్పుడు ఏడవలేదు. "ఇక కత్తెర పట్టడానికి వేళ్లు వంగుతాయో లేదోనే" అంది. అంతే అంది.

వరదొచ్చినా, నిప్పంటుకున్నా ఊరికి ముందుగా చెప్పడమే మీ ఆఫీసు పని. "అత్యవసర నిర్వహణ కార్యాలయం" అని బోర్డు మీద ఉంటుంది. చిన్నప్పుడు నీ భుజాల మీద కూర్చుని ఆ మూడు మాటలూ కూడబలుక్కుని చదివినదాన్ని నేను. అప్పుడు నువ్వు ఊరందరికీ వినపడేలా చప్పట్లు కొట్టావు. మరి శనివారం ఊరందరికీ వినపడేలా సైరన్ ఎందుకు కొట్టలేదు?

"ఏ హెచ్చరికా రాలేదు" అంటోంది అమ్మ. పక్కింటివాళ్లూ అదే అంటున్నారు. సైరన్ మీట దగ్గర కుర్చీ నీది. ఆ పూట డ్యూటీ నీది. ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నావు?

వంతెన కోసుకుపోయి మన ఊరికి బస్సులు రావడం లేదు. కాలేజీలో పరీక్షలున్నాయి, రావద్దని అమ్మ ఒట్టు పెట్టింది. లేకపోతే ఈ ప్రశ్న నీ ఎదురుగా నిలబడే అడిగేదాన్ని.

నీ అక్క కూతురు
(పిట్ట అని పిలవకు)


ఆగస్టు 12

పిట్టా,

పిలవద్దన్నావు గానీ, వేరే పిలుపు నా నోటికి రాదు.

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. కవరు మీద "అత్యవసరం నిర్వహించని కార్యాలయం" అని రాశావు. పోస్ట్‌మన్ చదివి, నవ్వి, మెట్ల మీద కనపడిన వాళ్లందరికీ చూపించి మరీ తెచ్చిచ్చాడు. కడుపు చల్లబడిందా?

నేను సైరన్ మోగించాను. ఎర్ర మూత ఎత్తి, మీట కిందికి లాగి, నా చేత్తో మోగించాను. ఆనకట్ట వాళ్లు వైర్‌లెస్‌లో "తలుపులు ఎత్తేస్తున్నాం" అన్నారు. ఆ మాట పూర్తయ్యే లోపే నా చెయ్యి మీట మీద ఉంది. ముందురోజు సాయంత్రమే సెల్ టవర్లు పడిపోయాయి. మెసేజీలు పోవు. ఊరికి చెప్పడానికి మిగిలింది ఆ కూత ఒక్కటే. అది వేశాను. ఇంక నన్నేం చెయ్యమంటావు?

ఈ ఆఫీసు ఏం చేస్తుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. వీధి దీపం వెలగలేదని వస్తారు. కుక్క కరిచిందని వస్తారు. పిల్లి చెట్టెక్కి దిగట్లేదని మొన్నొకావిడ వచ్చింది. నేనే వెళ్లి దించాను, గీరింది కూడా. నదిలో మట్టం చూసుకోవడం, ఏ వీధి ముందు ఖాళీ చేయించాలో పటం మీద గీసుకోవడం, పడవలకి చిల్లులున్నాయేమో చూడటం, జనాన్ని ఎక్కించడానికి గుట్ట మీది బడి తాళాలు దగ్గర పెట్టుకోవడం, ఇవన్నీ ఏమీ జరగని రోజుల్లో చేసే పనులు. ఏమీ జరగనంతకాలం మేం తిని కూర్చునేవాళ్లం. జరిగిన రోజున హంతకులం.

అక్కకి వినపడలేదేమో. కుట్టుమిషను చప్పుడు, పైన రేకుల మీద వాన. అక్క అబద్ధమాడుతోందని నేననను. కానీ వినపడకపోవడం వేరు, మోగకపోవడం వేరు. ఈ కూత ఎంత బాగా పనిచేస్తుందో నీకు తెలియందేం కాదు. ప్రతి శనివారం పదింటికి పరీక్ష కూత వేస్తే ఊరంతా దాన్నిబట్టే గడియారాలు సరిచేసుకుంటుంది. అంత నమ్మకం మా మీద. మీ ఇంట్లోనూ అంతేగా, చిన్నప్పుడు నిన్ను స్టూలెక్కించి ముల్లు తిప్పించేది మీ అమ్మ.

హాస్పిటల్‌కి వెళ్లాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. పళ్లు పట్టుకెళ్తే "నర్సమ్మా, ఎవరో మర్చిపోయారు, మీరు తీసుకోండి" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇస్త్రీ తాత నా పెళ్లి చొక్కా ఇస్త్రీ చేసిన మనిషి. ఆయన కోసం ఏడవడానికి నాకు నీ అనుమతి అక్కర్లేదు.

మావయ్య


ఆగస్టు 17

మావయ్యకి,

అమ్మకి చెవుడని తేల్చావు. బాగుంది.

నిన్న ఫోన్‌లో అడిగాను. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "వినపడకపోవడమేంటే? పదింటి కూత శుభ్రంగా వినపడింది. మిషను ఆపి లేచి గడియారం కూడా సరిచేశాను. ఆ తర్వాత మళ్లీ కూతే లేదు. కాజాలు కుడుతున్నాను, చూస్తే గుమ్మంలో నీళ్లు."

అర్థమైందా? శనివారం కదా అని మామూలు కూత వేశారు. వరద కూత వెయ్యడం మరిచారు. వేసిందొకటి, చెప్పుకుంటున్నది ఇంకొకటి. ఎర్ర మూత ఎత్తానని నాకు కథ రాశావు, నేను సాహిత్యం చదువుతున్నానని కాబోలు.

ఇంకొకటి. మీ ఆఫీసు ప్రకటన పేపర్లో చూశాను. మీ పెద్ద సారు సంతకంతో వచ్చింది. "హెచ్చరిక జారీ చేయబడింది. దిగువ ప్రాంత ప్రజలు స్పందించలేదు." ఈ రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. నాకు ఈ మధ్య మాటలంటే పిచ్చి పట్టుకుంది, ప్రతి మాటనీ చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నాను. "స్పందించలేదు" అన్న మాట ఎత్తి చూస్తే దాని కింద ఇస్త్రీ తాత ఉన్నాడు మావయ్యా.

ఆయన స్పందించని మనిషా? నేను బడికి వెళ్తుంటే కాలరు నలిగిందని రోడ్డు అవతల నుంచి కనిపెట్టేవాడు. "ఏయ్ పిల్లా, అలాంటి బట్టతో నా కొట్టు ముందు నుంచి వెళ్తే పరువెవరిది పోతుంది?" అని కేకేసి, నా మెడ మీదుండగానే, దగ్గరగా, కాలకుండా, పెట్టె ఆనించి పంపేవాడు. పిల్లకాయ కాలరు నలిగితే పలికినవాడు నది వస్తుందంటే పలకడా?

చచ్చినవాడి మీద తప్పు మోపడానికి ఎంత మర్యాదైన మాట దొరికింది మీకు!

సెప్టెంబరు పదకొండున విచారణ అని ఉంది. ఎవరైనా రాతపూర్వకంగా చెప్పుకోవచ్చట. నేను రాస్తున్నాను. ఆ పూట మీట దగ్గర ఎవరున్నారో కూడా రాస్తాను.

నీ అక్క కూతురు


ఆగస్టు 21

అమ్మాయీ,

పిట్ట అనను. ఇప్పుడు నాకూ కోపం వచ్చింది.

ఆ శనివారం పదింటికి పరీక్ష కూత వెయ్యనే లేదు. వెయ్యడానికి ఎవరున్నారక్కడ? పదింటికి నేను ఆఫీసులో లేను, మీ వీధి మొదట్లో నడుం లోతు నీళ్లలో ఉన్నాను. చేతిలో మైకు, నోట్లో బురద. నేను వేసింది ఒకే ఒక్క హెచ్చరిక, అదీ పదికి ముందే. అక్క పదింటి కూత విన్నానంటే అది వేరే శనివారం అయ్యుండాలి. నొప్పి మందులు ఇస్తున్నారు, ఏ రోజు ఏదో కలిసిపోయి ఉంటుంది. ఇది తప్పుగా అనట్లేదు, మందులకి ఎవరికైనా అంతే.

సాక్ష్యం రాస్తావా, రాయి. నా పేరు అచ్చుతప్పు లేకుండా రాయి. హోదా "సైరన్ ఆపరేటరు, రెండో గ్రేడు". తొలి అక్షరాలు దిద్దించినవాడి మీద తొలి ఫిర్యాదు రాస్తున్నావు. దస్తూరి బాగుండాలి.

పేపర్లో వాక్యం నేను రాయలేదు. పెద్ద సారు రాశారు. కానీ తప్పేముంది అందులో? హెచ్చరిక ఇచ్చాం. ఎవరూ కదల్లేదు. మీ వీధి నుంచి ఒక్కరంటే ఒక్కరు బడి మెట్ల వైపు రాలేదు. ఎందుకు రాలేదు? నేను రోజూ అన్నం ముందు కూర్చుని నన్ను నేను అదే అడుగుతున్నాను. మీ అత్తయ్య కంచం తీసేస్తోంది.

మావయ్య


ఆగస్టు 28, ఇంటి నుంచి

మావయ్యా,

పడవల వంతెన వేశారట, వచ్చేశాను. పరీక్షలు ఎలా రాశానో అడక్కు.

ఈ ఉత్తరం గచ్చు మీద కూర్చుని రాస్తున్నాను. కుర్చీలు లేవు. ఇన్నాళ్లూ వీధి మొత్తం గుట్ట మీది బడి గదుల్లోనే ఉండి, మొన్ననే ఇళ్లకి తిరిగొచ్చారు. అందరూ బురద పారలతో ఎత్తిపోస్తున్నారు. మిషను తుప్పు పట్టింది. కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ ఒకే రంగుకి మారాయి. అమ్మ ఎడం చేత్తో చీపురు పట్టుకుని, నేను లాక్కుంటే తిడుతోంది.

మధ్యాహ్నం అమ్మ గోడ మీదికి చూసి "మాత్ర వేళైంది, నీళ్లియ్యి" అంది. నేను ఫోన్ చూసుకున్నాను. ఇంకా పావుగంట ఉంది. "నీ గడియారం ముందుందమ్మా" అన్నాను. "ముందెందుకుంటుంది? వెనకబడితే ఆ శనివారమే సరిచేశాను. కూత మోగగానే స్టూలెక్కి పది దగ్గర పెట్టాను. కూతకంటే నీ ఫోన్ గొప్పదా?" అంది.

ఫోన్ చేతిలోనే పట్టుకుని గుమ్మం దిగాను.

పక్కింటికి వెళ్లాను. ట్యూషన్ టీచరమ్మ గోడ గడియారం పావుగంట ముందుంది. టీకొట్టు అన్నది పావుగంట ముందుంది. "మాదీ కూతకి పెట్టిందే" అన్నాడు అన్న. నీళ్లు గడియారాల ఎత్తుకి రాలేదు మావయ్యా. మనుషులు వెళ్లిపోయాక, బురద నిండిన ఖాళీ ఇళ్లల్లో, ఇవన్నీ ఒకే తప్పు చూపిస్తూ ఇన్నాళ్లూ తిరుగుతూనే ఉన్నాయి.

నువ్వు కూత వేశావు. నేను నిన్ను అబద్ధాలకోరన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మ కూడా నిజమే చెప్పింది. పదికి పావుగంట ముందు నువ్వు వేసిన కూత మా వీధి మొత్తం విన్నది. శనివారం. పది కావస్తున్న వేళ. విని, తలెత్తి గోడల వైపు చూసి, "అరె, మన గడియారమే వెనకబడిందే" అనుకుని, స్టూళ్లు వేసుకుని, ముళ్లు తిప్పి, మళ్లీ పనిలో కూర్చుంది. ప్రాణం మీదికి వచ్చిన కబురుతో మేం గడియారాలు సరిచేసుకున్నాం.

తాత ఏం చేశాడో తెలుసా? టీకొట్టు అన్న చెప్పాడు. కూత వినగానే కొట్టులోంచి తల బయటికి పెట్టి, ఎప్పట్లాగే, వీధి చివరిదాకా వినపడేలా "పదైందర్రా, గడియారాలు చూసుకోండి!" అని అరిచాడట. ఇది స్పందన కాదా? రాయమను మీ పెద్ద సారుని.

కోపం తగ్గిందనుకుంటున్నావేమో. తగ్గలేదు, పెరిగింది. నువ్వు అబద్ధం చెప్పి ఉంటే నీ ఒక్కడి మీదే కోపం ఉండేది. ఇప్పుడు ఎవరి మీదని పెట్టుకోను? ప్రతి శనివారం, అదే వేళకి, అదే గొంతుతో కూయించి కూయించి, దాన్ని వినగానే మనిషి లేచి పరిగెత్తాల్సింది పోయి ముల్లు తిప్పేలా అలవాటు చేసిందెవరు? "అంత నమ్మకం మా మీద" అని రాశావే, గర్వంగా! ఆ నమ్మకమే మమ్మల్ని కూర్చోబెట్టింది.

ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. వరద కూతకీ పరీక్ష కూతకీ తేడా ఉండదా? ఉండకపోతే అది ఎవరి తెలివి?

విచారణలో ఈ గడియారాల సంగతి నువ్వే చెప్పు. "ప్రజలు స్పందించలేదు" అన్న వాక్యం కొట్టించు.

నీ అక్క కూతురు


సెప్టెంబరు 2

పిట్టా,

నీ ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. పోస్ట్‌మన్ నీళ్లు తెచ్చిచ్చాడు.

తేడా ఉంది. పరీక్షకి ఒక్క పొడుగు కూత. వరదకి మూడు, మధ్యలో ఆపి ఆపి. ఆ మూడూ వెయ్యాలనే మీట లాగాను. మొదటిది పూర్తిగా వచ్చింది. రెండోదానికి కరెంటు పోయింది. అలాంటప్పుడు జనరేటరు అందుకోవాలి. ఆ గదిలో జనరేటరు లేదు.

ఎక్కడుందో చెప్తాను, నవ్వుకో. వరదొచ్చిన ఆ వారమే, సోమవారం నుంచి, "అత్యవసర సంసిద్ధతా వారం" అని ఉత్సవం పెట్టారు. మైదానంలో వేదిక, లైట్లు, మైకులు. వాటి కోసం పెద్ద సారు మా జనరేటరునే పంపించారు. "వారం రోజులకేం మునిగిపోదులే" అన్నారు. ఆ మాటే అన్నారు.

అందుకే మీకు ఒక్క కూతే వినపడింది. నేను మీట లాగుతూనే ఉన్నాను, పైన ఏమీ పలకలేదు. అప్పుడు చేతి మైకు పట్టుకుని స్కూటరు మీద దిగాను. మీ వీధి మొదటికి వచ్చేసరికి నీళ్లు నాకంటే ముందొచ్చాయి.

ఆ ఒక్క కూతకే మీరు కదిలి ఉండాల్సింది అని ఇన్నాళ్లూ మీ మీద కోపం పెట్టుకున్నాను. ఇప్పుడా కోపానికి కూర్చోవడానికి చోటు లేదు.

నిన్న సారుకి గడియారాల సంగతి చెప్పాను. ఆయన నాకు కుర్చీ చూపించి, తలుపు వేసి, చాలా మర్యాదగా మాట్లాడారు. "చూడవయ్యా, హెచ్చరిక ఇచ్చామన్నది నిజం. అది నీకూ రక్ష, నాకూ రక్ష. ఒక్క కూతే వచ్చిందంటే జనరేటరేదీ అంటారు. అది లారీ ఎక్కేటప్పుడు గది తాళం తీసిందెవరంటారు. తాళం నీ దగ్గరే ఉంటుంది కదా?" అన్నారు.

ఉంటుంది. తీసింది నేనే, ఆయన చెప్తేనే.

నీకు చెప్పడం తేలిక. నీకు మాటలున్నాయి. నాకు ఈ కుర్చీ ఒక్కటే ఉంది. ఇది పోతే ఈ వయసులో ఇంకే పనీ రాదు. నాకు వచ్చింది నదిని చూడటం, కూత వెయ్యడం. ఆలోచించుకోనివ్వు. నా మీద కేకలెయ్యకు.

మావయ్య


సెప్టెంబరు 5

మావయ్యా,

కేకలెయ్యను. మెల్లగానే అంటున్నాను.

ఆలోచించుకో. నువ్వు ఆలోచించుకునేలోపు పేపర్లో వాక్యం రిపోర్టులో వాక్యం అవుతుంది. రిపోర్టు అటకెక్కుతుంది. వచ్చే వానలకి మళ్లీ శనివారం వస్తుంది.

నీ కుర్చీ పోతుందని భయం. అమ్మకి చెయ్యి పోయింది. డాక్టరు నిన్న కట్టు విప్పి చూపుడువేలు వంచమన్నాడు. అమ్మ వంగిందని చెప్పింది. నేను చూశాను, వంగలేదు.

నేను రేపు కాలేజీకి వెళ్లాలి, హాజరు తక్కువైంది. నీ మీద రాసిన ఫిర్యాదు చింపేశాను. గడియారాల సంగతి రాసి అమ్మకిచ్చాను. అమ్మ చదివి మడిచి పక్కన పెట్టింది. "కాగితాలు వాళ్ల దగ్గర బోలెడున్నాయి" అంది. తర్వాత స్టూలెక్కి, ఒంటి చేత్తో, గోడ మీది గడియారం దించింది. సరిచెయ్యనా అంటే "చెయ్యి వేశావంటే చూడు" అంది.

అమ్మ వస్తుంది. నువ్వు ఏ వైపు కూర్చుంటావో చూసుకో.


సెప్టెంబరు 13

పిట్టా,

నువ్వు సంతకం కూడా పెట్టలేదు. సరే.

మీ అమ్మ ఫోన్‌లో ఎలాగూ ఏమీ చెప్పదు, అందుకే రాస్తున్నాను. విచారణ మా కింది అంతస్తు హాల్లోనే జరిగింది. ముగ్గురు సభ్యులు, నీళ్ల సీసాలు, పెద్ద పటం. పెద్ద సారు పటం మీద కర్రతో మీ వీధి చూపించి, "ఇక్కడి ప్రజల్లో అవగాహనా లోపం" అంటుండగా అక్క లోపలికి వచ్చింది. చంకలో గడియారం. వెనక టీచరమ్మ, టీకొట్టు అతను, ఇంకా మీ వీధివాళ్లు. అందరి దగ్గరా గడియారాలే. ఒకాయన మంచం పక్కన పెట్టుకునే అలారం కూడా తెచ్చాడు.

సారు నవ్వారు. "ఏంటమ్మా ఇది, విచారణా, గడియారాల కొట్టా?"

అక్క నవ్వలేదు. గడియారం సభ్యుల ముందు పెట్టింది. మిగతావాళ్లు దాని పక్కన పెట్టారు. "మీ గోడ మీది గడియారం చూడండి బాబూ, ఇవి చూడండి. మాకు అవగాహన లేదంటున్నారుగా. ఇన్ని ఇళ్లల్లో ఇన్ని గడియారాలు ఒకే పావుగంట ఎందుకు ముందుంటాయో మీ అవగాహనతో చెప్పండి" అంది.

పెద్ద సభ్యుడు కళ్లజోడు తీసి తుడుచుకుని "ఎవరైనా వివరిస్తారా?" అన్నాడు. సారు నా వైపు చూశారు. అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాడినో గానీ, చూడకపోయేసరికి లేచి నిలబడ్డాను.

చెప్పాను. ఒక్క కూత, పోయిన కరెంటు, ఖాళీ జనరేటరు గది, లారీ, ఉత్సవం, ఎవరు పంపమన్నారో, తాళం ఎవరు తీశారో, అన్నీ చెప్పాను. శనివారాలన్నీ పదింటికే ఎందుకు వేస్తామని అడిగారు. "ఎప్పటి నుంచో అంతేనండీ" అన్నాను. చెప్తుంటే ఎంత తెలివితక్కువగా వినపడిందో!

"స్పందించలేదు" అన్న మాట కొట్టేయమని అడిగాను. నీ మాట, నాది కాదు. రాసుకున్నారు. కొట్టేస్తారో లేదో తెలియదు.

మర్నాడే నన్ను మీట దగ్గర నుంచి తీసేశారు. సారుని ఏమీ చెయ్యలేదు, సెలవు మీద వెళ్లారంతే. నాకు కోపంగా ఉంది పిట్టా. చెప్పేశాక మనసు తేలికవుతుందంటారు. నాకేం తేలిక కాలేదు. ఇంకా ముందే చెప్పనందుకు నా మీద, చెప్పించుకోవాల్సి వచ్చినందుకు వాళ్ల మీద, కోపంగానే ఉంది.

అక్క వెళ్తూ వెళ్తూ గడియారం తీసుకుని నా పక్క నుంచే వెళ్లింది. ఆగలేదు.

మావయ్య


సెప్టెంబరు 18

మావయ్యా,

నీకు శభాష్ అంటూ రాయాలనుకుని మూడు కాగితాలు పాడుచేశాను. రాలేదు. తాత ఉండగా ఆ జనరేటరు గది తాళం తియ్యనని అని ఉంటే శభాష్ అనేదాన్ని.

కానీ లేచి నిలబడ్డావు. అది కూడా రాయకపోతే నేను మీ పెద్ద సారు లాంటిదాన్నవుతాను. కాబట్టి రాస్తున్నాను. లేచి నిలబడ్డావు.

అమ్మ నీ గురించి అడిగితే "వాడి సంగతి నా దగ్గర ఎత్తకు" అంటోంది. కానీ మొన్న తనే "వాడికి జీతం వస్తోందా?" అని అడిగింది. నేను తెలియదన్నాను. "నాకెందుకు, ఊరికే అడిగా" అని ఫోన్ పెట్టేసింది.

గడియారం మళ్లీ గోడకెక్కింది. సరిచెయ్యలేదు. ఇంట్లో పావుగంట ముందే అన్నం తింటోంది, పావుగంట ముందే పడుకుంటోంది. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి పావుగంట ముందే వెళ్లి, తలుపు తియ్యలేదని పోట్లాడుతోందట.

చూపుడువేలు కొంచెం వంగుతోందట. అమ్మ మాట కాదు, ఆ అమ్మాయి మాట.

పిట్ట


అక్టోబరు 6

పిట్టా,

సంతకం చూశాను. దాని గురించి ఏమీ రాయను, మళ్లీ కొట్టేస్తావని భయం.

నాకు కొత్త పని ఇచ్చారు. మెడలో కార్డు, చేతిలో అట్ట, కాళ్లకి రబ్బరు బూట్లు. దిగువ వీధుల్లో ఇంటింటికీ తిరిగి కూత వినపడితే ఏం చెయ్యాలో నేర్పడం. శిక్షగానే ఇచ్చారు. కానీ ఈ ఆఫీసులో ఇన్నేళ్లలో చెయ్యాల్సిన పని ఇదేనని ఇప్పుడనిపిస్తోంది. మూడో అంతస్తు నుంచి ఊరు చిన్నగా కనపడేది. గుమ్మాల దగ్గర నిలబడితే ఒక్కో ఇంట్లో ఎంతమంది లేవలేనివాళ్లున్నారో కనపడుతున్నారు.

శనివారం కూత ఆపేశారు. ఇక పరీక్ష ఏ రోజైనా, ఏ వేళైనా. మోగితే అది పరీక్షో నిజమో అని చూడకుండా అందరూ గుట్ట మీది బడికి ఎక్కాల్సిందే. జనం నన్ను తిడుతున్నారు. "కూత ఆపేస్తే టైము ఎలా తెలుస్తుందయ్యా?" అని నిన్నొకాయన నా మీదికి వచ్చాడు. నేను ఆయన మీదికి వెళ్లాను. పక్కవాళ్లు విడదీశారు. జనరేటరు మాత్రం తిరిగొచ్చింది. దాని మీద ఇంకా ఉత్సవం రంగు కాగితాలు అతుక్కునే ఉన్నాయి. నేనే గీకాను. రిపోర్టు ఇంకా రాలేదు.

ఇవాళ మీ వీధి వంతు. ఇస్త్రీ తాత కొట్టు షట్టరు ఇంకా సగంలోనే ఉంది. అక్కడ కొంచెంసేపు నిలబడ్డాను. తర్వాత మీ ఇంటి తలుపు కొట్టాను.

అక్క తీసింది. నన్ను చూసి "ఎవరు కావాలి?" అంది.

నేనేం చెయ్యను? అట్ట మీద రాసిందే చదివాను. "అమ్మా, అత్యవసర నిర్వహణ కార్యాలయం నుంచి వచ్చాను. ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కదాన్నే. కూతురు చదువుకుంటోంది. తమ్ముడొకడున్నాడు, లెక్కలోకి రాడు."

"మెట్లెక్కలేనివాళ్లు ఎవరైనా?"

"లేరు. మా వీధిలో ఉన్న ఒక్కాయన పోయాడు."

అట్ట మీద "లేరు" అని రాశాను. ఇంకా ఆఖరి ప్రశ్న మిగిలింది. అది అడగకుండా ఏ గుమ్మమూ దిగకూడదు. "కూత వినపడితే ఏం చేస్తారమ్మా?"

అక్క గోడ మీది గడియారం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ శనివారం తర్వాత నా మొహంలోకి చూడటం ఇదే మొదలు.

"గడియారం చూడను. ముందు నిన్ను తిడతాను. తిట్టుకుంటూనే బడి మెట్లెక్కుతాను. రాసుకో."

రాసుకున్నాను పిట్టా. ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాను.

మీ మావయ్య